బేగరి అను ఇంటిపేరు



మీ సంఘపు బాప్తిస్మ పుస్తకమును ఎప్పుడైనను తెరచి చూచితిరా? వరుస వెంబడి పేర్లు ఉండును. సమూయేలు, దావీదు, దేవదానము, సువార్తమ్మ, శాంతమ్మ. ఈ పేర్లను తల్లిదండ్రులు ఎన్నుకొనిరి, లేక ఆనాటి పాదిరిగారు ఎన్నుకొనిరి. ప్రతి పేరునకు ముందు ఇంకొక మాట వ్రాయబడి యుండును. దానిని ఎవరును ఎన్నుకొనలేదు. ప్రార్థనచేసి పెట్టినది కాదు, ముచ్చటపడి పెట్టినదియు కాదు. మన తాతల తాతను ఊరు ఏమని కేకవేసి పిలిచెనో ఆ కేకయే మన వెంట నడచి వచ్చి, ఇంటిపేరై కూర్చున్నది. ఈ మాసము అటువంటి ఇంటిపేరు ఒకదానిని గూర్చి మీతో మాటలాడవలెనని యున్నది. అది నా ఇంటిపేరే. బేగరి.

జహీరాబాదు చుట్టుప్రక్కల వారికి ఈ మాట వినగానే అర్థమగును. అర్థమైన వెంటనే కొందరు ముఖము ప్రక్కకు త్రిప్పుకొందురు. గుంటూరు, కాకినాడ ప్రాంతముల సహోదరులైతే "ఏమంటిరి?" అని రెండవసారి అడుగుదురు. ఒకమారు కోస్తాలో జరిగిన సభలకు నేను వెళ్లగా, అక్కడి పెద్ద ఒకరు నా పేరును భోగరాజు అని వ్రాసికొనిరి. నేను దిద్దబోయితిని గాని ఆయన వినిపించుకొనలేదు. ఆ మూడు దినములును నాకు ముందు వరుసలో కుర్చీ వేసి కూర్చుండబెట్టిరి. పేరు మారినందుకే కుర్చీ ఎంత ముందుకు జరిగెనో చూడుడి!

తెలుగువారి ఇంటిపేర్లలో చాల భాగము ఊళ్ల పేర్లే. కందుకూరి, వేమూరి, పుట్టపర్తి, సురవరము, ఇవన్నియు ఊళ్లు. ఒక ఊరివాడు ఇంకొక ఊరికి పోయి స్థిరపడినప్పుడు అక్కడివారు "ఫలాని ఊరివాడు" అని పిలుచుట సహజము. తన ఊరిలోనే యున్నవానికి ఊరిపేరు చెప్పి పిలువవలసిన పని లేదు గదా. కనుక ఇంటిపేరులో ఊరున్నదంటే, ఆ ఇంటివారు ఎప్పుడో ఆ ఊరు విడిచిపెట్టి వచ్చినారని గ్రహింపవచ్చును. ఇది ఇప్పటికిని మన కన్నులయెదుట జరుగుచున్న సంగతియే. జహీరాబాదు దగ్గర మాచనూరులో 2008వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన సంఘం రేడియో ప్రారంభమైనది. పస్తాపురములోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పెట్టిన ఆ రేడియోను నడిపినవారు మన పల్లెల పేద స్త్రీలు. అందులో ముఖ్యులైన ఇద్దరి పేరును నర్సమ్మయే. ఒకరిని జనరల్ నర్సమ్మ అనిరి, మరియొకరిని అల్గోల్ నర్సమ్మ అనిరి. అల్గోల్ అనునది మన దగ్గరి ఊరే. ఇద్దరు నర్సమ్మలు ఒక గదిలో పనిచేయవలసి వచ్చినందున ఊరిపేరు ఒకరికి ముందు చేరినది. నూరేండ్ల క్రిందట గాని, అయిదు వందల యేండ్ల క్రిందట గాని ఇంటిపేర్లు పుట్టిన విధము ఇంతకంటె వేరుగా ఉండదని నా తలంపు.

అయితే మన తెలంగాణలో ఊరిపేరుతోపాటు పనిపేరు కూడ గట్టిగా అంటుకొన్నది. కుమ్మరి, వడ్ల, చాకలి, మంగలి అని చేతిపని చెప్పి మనిషిని పిలుచుట మన దగ్గర అలవాటు. ఆ అలవాటు ఇంటిపేరును కూడ మింగివేయును. పాలకుర్తిలో తన పొలముకొరకు విసునూరు దేశముఖును ఎదిరించిన ఐలమ్మను ఎరుగనివారు లేరు. ఆమె 1985వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన మరణించెను. ఆమె ఇంటిపేరు చిట్యాల. ఈ మాట ఎందరికి తెలియును? లోకమునకు ఆమె చాకలి ఐలమ్మయే.

బేగరి కూడ అట్టి పనిపేరే. కాని కుమ్మరికి కుండ ఉన్నది, వడ్లవానికి ఉలి ఉన్నది, చాకలికి రేవు ఉన్నది. బేగరికి ఏమున్నది? పారసీక భాషలో బేగార్ అనగా కూలి యియ్యకుండ బలవంతముగా చేయించు పని. ఆ మాట హిందూస్థానీలోనికి వచ్చినది, అక్కడనుండి నిజాము దొరతనపు దస్తరములోనికి వచ్చినది, దస్తరమునుండి మన మాలవాడలోనికి వచ్చినది. దానికి సరియైన తెలుగు మాట వెట్టి. వెట్టి చేయువాడు బేగరి.

మా తాత ఆ పని చేసినవాడు. మా తండ్రి చిన్ననాట ఆయన వెంట తిరిగినవాడు. వారు చెప్పగా విన్నది చెప్పుచున్నాను. అధికారి ఊరికి దౌరా వచ్చినయెడల, ఆయన సామాను ఈ ఊరి పొలిమేరనుండి ఆ ఊరి పొలిమేరవరకు మోయవలెను. అక్కడ ఆ ఊరి బేగరి అందుకొనును. గుఱ్ఱమునకు గడ్డి తేవలెను, వంటకు కట్టెలు కొట్టవలెను. పట్వారి పొలము కొలిచినప్పుడు గొలుసు పట్టుకొని ముండ్లలో నడువవలెను. పటేలు కచేరి యెదుట, కేక వినబడునంత దూరములో కూర్చుండవలెను. పొలిమేర తగవు వచ్చినప్పుడు ఏ రాయి ఎక్కడ పాతినదో చెప్పవలసినవాడును అతడే. కాగితము చదువనేరని మనిషి ఊరంతటికి కాగితమువలె ఉండెను.

వీటన్నిటికంటె మా తాత ఎక్కువగా చెప్పిన పని ఒకటి కలదు. ఊరిలో ఎవరైన చనిపోయినయెడల ఆ వార్తను చుట్టములున్న ఊళ్లకు మోసికొనిపోవుట. అర్ధరాత్రియైనను, వానయైనను, వాగు పొంగినను బయలుదేరవలెను. ఆ కాలమున ఫోను లేదు, బస్సు లేదు. నడిచి పోయి, ఆ ఇంటి గడపకు దూరముగా నిలిచి, చెప్పకూడని మాటను చెప్పవలెను. లోపల ఏడ్పు పుట్టును. ఈయన బయటనే నిలిచియుండును. ఆ ఏడ్పులో ఒకరు జ్ఞాపకము చేసికొని చాటెడు జొన్నలు తెచ్చి, పైనుండి, తగులకుండ, ఈయన గొంగడిలో పోయుదురు. "ఊళ్లె అందరి సావుకు నేనే మొదట ఏడ్చినోన్ని" అని మా తాత అనెడివాడట. పాదిరిపనిలో ఇన్ని యేండ్లుగా సమాధి ప్రార్థనలు చేయుచున్న నేను ఆ మాటను తలంచుకొనని దినము లేదు.

పూర్తిగా కూలి లేదని చెప్పుట న్యాయము కాదు. కోతలైన తరువాత కల్లములో కుమ్మరికి, కమ్మరికి, మంగలికి మేర కొలిచినట్లే బేగరికిని కొంత కొలిచెడివారు. అది కొలిచెడి చేతిని బట్టి యుండెను. ఊరిపనికి గాను ఇనాము భూమి కూడ కొన్ని ఇండ్లవారికి ఉండెను. ఇక్కడ ఒక సంగతి మీరు గమనింపవలెను. 1955లో హైదరాబాదు రాజ్యములో ఇనాముల రద్దు చట్టము వచ్చినప్పుడు, గ్రామసేవకొరకు ఉన్న ఇనాములకు, అనగా సేత్‌సింధీ, నీరడి, బలుత ఇనాములకు, ఆ చట్టము వర్తింపదని అందులోనే వ్రాసిరి. భూమి నిలిచెను, మంచిదే. భూమితోకూడ పనియు, పనితోకూడ పేరును నిలిచెను. ఇంటిపేరు ఎందుకు పోలేదని అడుగువారికి ఇది ఒక జవాబు. పహాణీలో పేరు మారితే భూమి ఎవరిదని అడుగుదురు. పేదవానికి ఎకరము మీద ఆశ ఎంతయో, ఎకరము పోవునను భయమును అంతే.

ఈ ఇంటిపేరు ఎంతవరకు వ్యాపించి యున్నది? జహీరాబాదు, నారాయణఖేడు, సంగారెడ్డి, జోగిపేట, వికారాబాదు, తాండూరు, చేవెళ్ల, మెదకు ప్రాంతములలో పల్లె పల్లెకు వినబడును. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన జిల్లాలను విభజించిన తరువాత చెప్పవలెనంటే సంగారెడ్డి, మెదకు, వికారాబాదు, రంగారెడ్డి, సిద్దిపేట జిల్లాలు. ధారూరు జాతరకు మీలో అనేకులు నవంబరులో బండ్లు కట్టుకొని పోయియుందురు. అక్కడ "బేగరి" అని గట్టిగా పిలిచినయెడల నాలుగు గుడారములనుండి మనుష్యులు తొంగి చూతురు. కృష్ణా గోదావరి డెల్టాలలో పిలిచిచూడుడి, ఒకడును పలుకడు.

అక్కడ వెట్టి లేకపోయెనా? ఉండెను. కాని ఆ సీమ మద్రాసు దొరతనము క్రింద నుండెను. అక్కడి గ్రామ నౌకరుల జాబితాలో తలారి, వెట్టి అని తెలుగు మాటలనే వాడిరి. మన దగ్గర దస్తరపు భాష మొదట పారసీకము, తరువాత ఉర్దూ. కనుక పని ఒకటే యైనను పేరు వేరైనది. చెరువు నీరు పారించువాని సంగతియు ఇట్లే. మన దగ్గర నీరడి అందురు, రాయలసీమలో నీరుగంటి అందురు. మా సంఘములో నీరడి ఇంటివారు కలరు. ఇంటిపేరును బట్టి ఒకని తాత ఏ దొరతనము క్రింద బరువు మోసెనో చెప్పవచ్చుననుట అతిశయోక్తి కాదు.

బీదరు వైపు పోయినయెడల ఈ మాట కన్నడ నోటిలో బ్యాగర అగును. 1950లో భారత రాష్ట్రపతి షెడ్యూల్డు కులముల ఉత్తరువు ఇచ్చినప్పుడు, హైదరాబాదు రాజ్యపు జాబితాలో బ్యాగర అని ఒక కులముగా చేర్చిరి. 1956వ సంవత్సరము నవంబరు 1వ తేదీన ఆ రాజ్యమును మూడు ముక్కలు చేసిరి. తెలంగాణము ఆంధ్రప్రదేశములో కలిసెను, మరాఠ్వాడ బొంబాయి రాష్ట్రములో కలిసెను, కన్నడ జిల్లాలు మైసూరులో కలిసెను. రాజ్యముతోపాటు ఆ మాటయు మూడు ముక్కలై మూడు రాష్ట్రముల జాబితాలలోనికి పోయెను. ఈనాటికిని తెలంగాణలోను, కర్ణాటకలోను, మహారాష్ట్రలోను ఆ జాబితాలలో బ్యాగర అను మాట కనబడును. మన జాబితాలో తరువాత బ్యాగరి అని కూడ చేర్చిరి. నిజాము రాజ్యము 1948లో ముగిసెను. దాని సరిహద్దులు ఏ పటములోను ఇప్పుడు లేవు. ఈ ఒక్క పేరు ఉన్న ఊళ్లను చుక్కలు పెట్టి కలిపినయెడల పాత పటములో ఒక మూల మరల కనబడును.

ఇంకొక మాట చెప్పక తప్పదు. ఆ 1950 ఉత్తరువు ప్రకారము హిందువు కానివాడు షెడ్యూల్డు కులమువాడు కాడు. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ చోటు దొరికినది. క్రైస్తవులకు దొరకలేదు. మనము వెనుకబడిన తరగతులలో సి వర్గమువారము. కనుక బాప్తిస్మపు పుస్తకములో బేగరి అని ఉన్నవానికి పేరు ఉన్నది, పేరును బట్టి వచ్చు చిన్నచూపు ఉన్నది, ఆ చిన్నచూపునకు దొరతనమువారు ఇచ్చు ఊతకఱ్ఱ మాత్రము లేదు. దీనిమీద కోర్టులలోను, సభలలోను చాల వాదములు జరిగినవి, జరుగుచున్నవి. ఈ పత్రికలో ఆ వాదము ఎత్తుకొనను. మీ పిల్లవాడు కాగితము పట్టుకొని ఆఫీసు మెట్లు ఎక్కి దిగునప్పుడు మీకే తెలియును.

ఆంధ్ర మహాసభ మొదట మన ప్రాంతములోనే కూడినదని పిల్లలకు చెప్పుడి. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగెను. ఆ తరువాతి యేండ్లలో మహాసభ ఊరూర తిరిగి చెప్పిన మాటలలో వెట్టిచాకిరి మాట ముఖ్యమైనది. 1950వ సంవత్సరము జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగములో 23వ అధికరణము కలదు. మనుష్యులను అమ్ముట కొనుట, వెట్టి, అటువంటి బలవంతపు చాకిరి నిషేధమని దాని భావము. దానిని ఇంగ్లీషులో చదివినవారు ఒక వింత చూతురు. ఇంగ్లీషులో ఆ పనికి సరిపోయిన మాట దొరకలేదేమో, బేగార్ అనియే వ్రాసిరి. అంబేడ్కరుగారు డ్రాఫ్టు కమిటీకి అధ్యక్షులు. వారి జనులైన మహారులు మరాఠీ పల్లెలలో ఇట్టి ఊరిచాకిరియే చేసినవారు. 1928లోనే ఆయన బొంబాయి శాసనసభలో మహారుల వతను చట్టమును మార్చుటకు బిల్లు పెట్టియుండెను. దేశమంతటికి ధర్మశాస్త్రమైన ఆ పుస్తకములో నా ఇంటిపేరు పుట్టిన మాట నిషేధింపబడిన నేరముగా వ్రాయబడి యున్నదని మొదట చదివిన దినమున, ఆ పుట మూయుటకు నాకు మనస్సు రాలేదు.

చట్టము వచ్చినంతమాత్రమున పని మానలేదని మీ అందరికి తెలియును. 1976లో వెట్టికార్మిక వ్యవస్థ రద్దు చట్టము మరల చేయవలసి వచ్చెను. 1984లో పటేలు పట్వారీ ఉద్యోగములు పోయెను. వారి క్రింది నౌకరులు మాత్రము ఏదో ఒక పేరుతో చాల కాలము నిలిచిరి. చివరకు గ్రామ రెవెన్యూ సహాయకులు అని పిలువబడిరి. 2023లో తెలంగాణ ప్రభుత్వము ఆ వ్యవస్థను కూడ తీసివేసి, ఇరువది వేలకు పైగా ఉన్న వారిని వేరువేరు శాఖలలోనికి తీసికొనెను. ఇప్పుడు ఊరిలో బేగరి పని లేదు. బేగరి ఇంటిపేరు ఉన్నది.

ఇక్కడనే తగవు వచ్చినది.

మా సంఘములో ఒక తండ్రి ఉన్నాడు. చెరకు నరుకుటకు పోయి, తరువాత ట్రాక్టరు కర్మాగారములో పనికి కుదిరి, ముగ్గురు పిల్లలను చదివించినవాడు. పెద్ద కుమార్తెకు సంబంధము కుదిరినది. పెండ్లి ప్రకటన మొదటి ఆదివారము చదువవలసియుండగా, శనివారము సాయంకాలము నాయొద్దకు వచ్చి గుమ్మములో నిలువబడెను.

"అయ్యగారూ, రేపు చీటి చదివేటప్పుడు పిల్ల ఇంటిపేరు చదువకుండ్రి. పిల్లగాని తరఫోళ్లు పట్నపోళ్లు. అందరి ముందల నామోషీ అయితది."

"తమ్మీ, నాదియు అదే పేరు గదా" అంటిని.

"మీరు అయ్యగారు. మీకు నడుస్తది" అనెను.

ఆ మాట నాకు గట్టిగానే తగిలినది. అతడు చెప్పినది నిజము. తెల్లని అంగీ వేసికొన్నవానికి ఏ పేరైనను నడుచును. కర్మాగారపు గేటువద్ద, అద్దె ఇంటి గుమ్మములో, పెండ్లిచూపులలో ఆ పేరు ఎట్లు వినబడునో చెప్పవలసినవాడు అతడే గాని నేను కాను. పేరు మార్చుకొనుటకు మార్గము లేకపోలేదు. ప్రమాణపత్రము వ్రాసి, పత్రికలో ప్రకటన వేయించి, గెజెటులో అచ్చు వేయింపవచ్చును. చాలమంది వేయించిరి. పట్టణములో కొందరు ఆ పాటు కూడ పడక, "బి." అని ఒక్క అక్షరముతో సరిపెట్టుకొందురు. ఆ చుక్క వెనుక ఏమున్నదో ఎవరును అడుగరు. అట్టివారిని నేను తప్పుపట్టను. బరువు దించుకొనువానిని ఏల దించితివని అడుగుటకు, మోయనివానికి హక్కు లేదు.

అయినను చదువరులారా, ఒక మాట అడుగనిండు. పాటిల్, కులకర్ణి, దేశముఖు, ఇవియు పనిపేర్లే గదా? పాటిల్ అనగా ఊరి పెద్ద, కులకర్ణి అనగా ఊరి లెక్కలు వ్రాయువాడు. మన సరిహద్దు ఊళ్లలో ఆ పేర్లు ఇప్పటికిని గొప్పగా చెప్పుకొందురు. పటేలు, పట్వారి, నీరడి, బేగరి, అందరును ఒకే దస్తరములో ఒకే ఊరి నౌకరులు. పై వరుసవాని మనుమడు తన పేరును ఇంటి గోడమీద రాతిలో చెక్కించుకొనును. క్రింది వరుసవాని మనుమడు చుక్క వెనుక దాచుకొనును. వ్రాసినవానికి లేని సిగ్గు మోసినవానికి ఎక్కడనుండి వచ్చినది?

ఆ తండ్రితో నేను ఇదంతయు చెప్పలేదు. ఆలోచింతమని చెప్పి పంపితిని. అతడు పోయిన తరువాత మత్తయి సువార్త తెరచితిని. వేదాంత కళాశాలలో గ్రీకు నేర్చుకొన్న దినములలో గురువుగారు ఒక క్రియను చూపి, ఇది గ్రీకు మాట కాదనిరి. అంగరెయువో అని పలుకవలెను. పారసీక రాజులు రాజ్యమంతట వార్తలు పంపుటకు గుఱ్ఱపు తపాలా పెట్టిరి. దానిని గ్రీకులు అంగరెయియోన్ అనిరి, హెరొడోటస్ అను చరిత్రకారుడు దానిని వర్ణించెను. దానినుండి పుట్టిన ఈ క్రియకు, దొరతనమువారు దారిని పోవువానిని పట్టుకొని బరువు మోయించుట అని అర్థము. మన బేగార్ అను మాటకు అది తోబుట్టువు కాదు, కాని పుట్టిన దేశము ఒకటే, పని ఒకటే. కొండమీది ప్రసంగములో, ఒక మైలు బలవంతము చేసినవానితో రెండు మైళ్లు పొమ్మను చోట ఈ క్రియయే యున్నది. రోమా సైనికుడు దారిని పోవు యూదుని మూపున తన మూట పెట్టుట ఆనాడు మామూలు సంగతి. వినుచున్న జనులకు వివరింప నక్కరలేదు. వారి భుజములకే తెలియును.

అదే క్రియ మరల మత్తయి 27వ అధ్యాయములో వచ్చును. ఒక మనుష్యుని సైనికులు పట్టుకొని సిలువ మోయించిరి. కురేనీయుడైన సీమోను. కురేనే అనునది ఆఫ్రికా ఉత్తరతీరమున, ఇప్పటి లిబియాలో ఉండిన పట్టణము. యెరూషలేములో సీమోనులు ఎందరో యుండిరి గనుక ఈ సీమోనును ఊరిపేరు పెట్టి పిలిచిరి. అల్గోల్ నర్సమ్మవలెనే. ఆయన శిష్యుడు కాడు, ముందుకు వచ్చి భుజమిచ్చినవాడు కాడు. బలవంతముగా పట్టబడిన బేగరి. మార్కు మాత్రము ఇంకొక మాట కలిపెను. ఇతడు అలెక్సంద్రుకును రూఫునకును తండ్రి అని. ఆ కుమారులను సంఘమువారు ఎరిగియున్నందుననే గదా మార్కు అట్లు వ్రాసినది? తండ్రి మోసిన బరువు ఆ పిల్లలకు సంఘములో గుర్తింపు అయినది. ఆదివారపు ప్రసంగమును ఆ రాత్రి మార్చుకొని దీనినే చెప్పితిని. ప్రకటన సంగతి చెప్పెదను గాని, ముందుగా ఇంకొక దేశపు మాట.

ఐర్లాండు అను దీవిలో ఇంటిపేర్లకు ముందు "ఓ" అనియు "మాక్" అనియు చేర్చుదురు. "ఓ" అనగా మనుమడు, వంశమువాడు. "మాక్" అనగా కుమారుడు. ఇంగ్లీషువారు ఆ దీవిని ఏలిన కాలములో ఆ రెండు ముక్కలు చిన్నతనమని తోచి వేలాది కుటుంబములు వాటిని విడిచిపెట్టిరి. ఓ సలివన్ సలివన్ అయ్యెను. పందొమ్మిదవ శతాబ్దపు చివరనుండి తమ భాషమీద మమకారము మరల పుట్టగా అనేకులు విడిచిన ముక్కను వెదకి తెచ్చుకొనిరి. అక్కడ గిల్‌క్రిస్ట్, గిల్‌మోర్ అను పేర్లు కలవు. క్రీస్తు దాసుడు, మరియ దాసుడు అని వాటి మూలార్థము. నౌకరు అను మాటయే వంశపు పేరైనది, ఎవరును దాచుకొనలేదు. దాసుడనుటలో సిగ్గు లేదు, ఎవని దాసుడవు అనుటలోనే యున్నదని వారికి తోచియుండును. వదలినవారు మరల తెచ్చుకొనవచ్చును, నిజమే. అయితే వదలినది ఏమిటో జ్ఞాపకమున్నప్పుడే తెచ్చుకొనగలరు. "బి." అని వ్రాసికొన్నవాని మనుమడు దేనిని వెదకును?

ఆదివారము ఆరాధనకు ముందు ఆ తండ్రియు, అతని తల్లియు, పెండ్లికుమార్తెయు నా గదికి వచ్చిరి. ముసలమ్మకు చెవి సరిగా వినబడదు. కొడుకు తల వంచుకొని, నామోషీ సంగతి మరల చెప్పెను. ఆమె చేయి అడ్డము పెట్టి వినెను.

"నామోషీ ఎందుకురా? మోసినోనికి నామోషీ ఎట్లయితది. మోపినోనికి గావాలె గని."

కొడుకు మాటలాడలేదు. నేను పిల్లవైపు చూచితిని. పెండ్లి ఆమెది, పేరు ఆమెది. పైగా పెండ్లితో ఇంటిపేరు మారిపోవునది ఆమెయే. ఇది మన పుస్తకములలో ఒక లోటు అని నాకు చాల కాలముగా తోచుచున్నది. స్త్రీ పుట్టింటి పేరు పెండ్లి దినమున ఒక గడిలో వ్రాయబడి, ఆ తరువాత ఎక్కడను కనబడదు. మీ అమ్మమ్మ పుట్టింటి పేరు ఏమని అడిగినయెడల మనలో ఎందరు చెప్పగలము?

"అయ్యగారూ, నా పాస్‌పోర్టుల బేగరి అనే ఉన్నది" అని ఆ పిల్ల మెల్లగా చెప్పెను. ఆమె హైదరాబాదులో ఆసుపత్రిలో పనిచేయుచు, విదేశమునకు పోవుటకు పరీక్షలు వ్రాయుచున్నది. "సర్టిఫికెట్లన్నిట్ల అదే. దవాఖానల నన్ను బేగరి సిస్టర్ అనే పిలుస్తరు. అక్కడోళ్లకు దాని అర్థం తెల్వది. మంచిగనే ఉంటది వినడానికి."

తండ్రి ఆమెను చూచెను. "నీ ఇష్టం బిడ్డా" అనెను. అతని ముఖములో సంతోషము కనబడెనని చెప్పలేను. భయము పోలేదు, పిల్ల మాట తీసివేయలేదు, అంతే. ప్రకటన మూడు ఆదివారములు ఇంటిపేరుతోనే చదివితిని. వరునివారు రెండవ ఆదివారము వచ్చియుండిరి. వారిలో ఒక పెద్దాయన ఆరాధన తరువాత నన్ను ప్రక్కకు పిలిచి, తమ అమ్మమ్మది వికారాబాదు దగ్గర పల్లె అనియు, ఆమె పుట్టింటివారును బేగరివారే అనియు చెప్పి, ఈ మాట ఇక్కడనే ఉండనిండని బతిమాలెను. ఆయన పేరు చెప్పలేదు గనుక మాట తప్పలేదనుకొందును.

పెండ్లి దినమున రిజిస్టరు బల్లమీద పెట్టితిని. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము అందులో గడులు ఉండును. పేరు, వయస్సు, వృత్తి, నివాసము, తండ్రి పేరు. ఆ పిల్ల మొదటి గడిలో బేగరి అని మొదలుపెట్టి తన పేరు పూర్తిగా వ్రాసెను. వృత్తి అను గడిలో నర్సు అని వ్రాసెను. తండ్రి పేరు వ్రాయవలసిన చోట కలము ఆపి, ఆయన ఇంటిపేరు ఏ అక్షరములతో వ్రాయించుకొనునో అడుగుటకు వెనుకకు తిరిగెను. కర్మాగారపు కార్డులో ఒక విధముగాను, పొలపు పాసుపుస్తకములో ఒక విధముగాను ఉన్నదట. పాసుపుస్తకములో ఉన్నట్టు వ్రాయుమని అతడు చెప్పెను. తరువాత సాక్షులు సంతకములు చేసిరి, ముసలమ్మ వేలిముద్ర వేసెను.